ట్రెయిలర్‌ను లాగే డీజిల్ ట్రక్కులో ఇంజన్ ఆయిల్ వేడి: కొలవడం నుంచి అదుపు చేయడం దాకా

వెనక బరువైన ట్రెయిలర్ తగిలించుకుని పొడవాటి ఎత్తు ఎక్కుతుంటే మొదటి కిలోమీటరులో ఏమీ తెలియదు. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూపే ముల్లు కదలదు. కాసేపటికి ఫ్యాన్ హోరు మొదలవుతుంది. ఆయిల్ వేడి చూపించే అంకె మాత్రం 104, 109, 113 అంటూ ఎక్కుతూనే పోతుంది. ఎత్తు చూస్తే ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఇలాగే పోనివ్వాలా, పక్కకు తీసి ఆపాలా?

ఆ ప్రశ్నకు ఆయిల్ అంకె ఒక్కటే జవాబు చెప్పలేదు. పక్కనే కూలెంట్ వేడి ఎంతుందో చూసి, రెండింటి మధ్య తేడా లెక్కగడితే గానీ లోపం ఎక్కడుందో, అసలు లోపం ఉందో లేదో తేలదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక వేసవిలో నా బండి ఆయిల్ 124 దాకా పోతోందని రేడియేటర్ మార్పించాను. తర్వాత థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం), ఆ తర్వాత వాటర్ పంపు మార్పించాను. ఒక్క డిగ్రీ తగ్గలేదు. కూలెంట్ మాత్రం మొదటి నుంచీ 95 దగ్గరే నిలకడగా ఉంది. ఆ అంకె రోజూ కళ్లముందే ఉన్నా దాని అర్థం పట్టుకోలేకపోయాను. చివరికి ఆయిల్ కూలర్ పూడుకుపోయిందని తేలింది. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది. వేడి లెక్కలన్నీ సెల్సియస్‌లో ఇస్తున్నాను.

వేడి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుంది

డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ రాపిడిని తగ్గించడంతో పాటు వేడిని మోసే కూలీ పని కూడా చేస్తుంది. పిస్టన్ల కింద చిన్న జెట్‌లు ఉంటాయి. అవి పిస్టన్ అడుగు భాగం మీదికి ఎడతెగకుండా ఆయిల్ చిమ్ముతాయి. పైన మంట మండుతుంటే కింద ఈ ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) బేరింగులను చల్లబరిచేది కూడా చాలావరకు ఇదే. క్రాంక్ బేరింగుల్లో పుట్టే వేడి వీటికి అదనం. ఆక్సిలరేటర్ ఎంత లోతుగా తొక్కితే అంత డీజిల్ మండుతుంది, పిస్టన్ అంత కాగుతుంది, ఆయిల్ అంత వేడిని మోయాల్సి వస్తుంది.

ఆ వేడి బయటికి పోయే దారి ఒక గొలుసులాంటిది. ఎక్కువ డీజిల్ ట్రక్కుల్లో ఆయిల్ కూలర్ అంటే పలకలు పేర్చిన చిన్న పెట్టె. పలకల మధ్య ఒక వరసలో ఆయిల్, మరో వరసలో కూలెంట్ ప్రవహిస్తాయి. అంటే ఆయిల్ తన వేడిని ముందు కూలెంట్‌కు ఇస్తుంది. కూలెంట్ దాన్ని రేడియేటర్‌కు తీసుకెళ్తుంది. అక్కడి నుంచి గాలి పట్టుకుపోతుంది. దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం అర్థమవుతుంది. ఈ ఏర్పాటు ఉన్న బండి బరువు లాగుతున్నప్పుడు ఆయిల్ కూలెంట్ కన్నా చల్లగా ఉండదు. కూలెంట్ పెరిగితే ఆయిల్ కూడా దాని వెంట పెరగక తప్పదు.

ఇక ఎత్తు ఎంత పని చేయిస్తుందో ఒక లెక్క చూద్దాం. బండి, ట్రెయిలర్ కలిపి 9 టన్నులు అనుకోండి. ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు లేచే ఎత్తు మీద 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఆ బరువును పైకి మోయడానికే సుమారు 106 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడి, ఎదురుగాలి ఈ లెక్కలో చేర్చలేదు. అదే ఎత్తును 54 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే సుమారు 80 కిలోవాట్లు చాలు. కొండ ఎత్తు మారలేదు, పైకి మోయడానికి చేసిన పని మొత్తం కూడా మారలేదు. కానీ పుట్టిన వేడిని బయటికి నెట్టడానికి బండికి మూడో వంతు సమయం ఎక్కువ దొరికింది. వేగం తగ్గించమని తర్వాత చెప్పబోయే సలహాకు ఆధారం ఇదే.

ఎంత వేడి వరకు భయం లేదు

ఖాళీ బండి సమతలం మీద నడుస్తుంటే ఆయిల్ 90 నుంచి 105 మధ్య ఉండటం మామూలు. బరువు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు 110, 115 కనిపించినా కంగారు పడక్కర్లేదు. 120 దాటితే దాని మీద ఒక కన్ను వేసి ఉంచాలి. 125 దాటి ఇంకా ఎక్కుతుంటే నేనైతే వేగం తగ్గిస్తాను. 130 దగ్గర పక్కకు తీసి ఆపుతాను. ఇవి నేను పాటించే హద్దులు. మీ బండి మాన్యువల్‌లో వేరే హద్దు రాసి ఉంటే దాన్నే పాటించండి.

వేడి పెరిగితే ఆయిల్‌కు రెండు రకాల నష్టం. ఒకటి అప్పటికప్పుడు జరిగేది: ఆయిల్ పల్చబడుతుంది. 100 డిగ్రీల దగ్గర 15 సెంటీస్టోకుల చిక్కదనం ఉండే 15డబ్ల్యూ-40 ఆయిల్, 120కి వచ్చేసరికి సుమారు 10కి పడిపోతుంది. బేరింగ్ దగ్గర 40 గ్రేడ్ పోశామనుకుంటున్న ఆయిల్ 30 గ్రేడ్‌లా ప్రవర్తిస్తుందన్నమాట. రెండోది నెమ్మదిగా జరిగేది: ఆయిల్ ఆక్సీకరణ చెందుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆ వేగం దాదాపు రెట్టింపు అవుతుందని స్థూలంగా లెక్క వేస్తారు. అందుకే ఒక్కసారి పది నిమిషాలు 122 చూసిన ఆయిల్ కన్నా, ప్రతి ట్రిప్పులోనూ గంటల తరబడి 118 దగ్గర ఉడికిన ఆయిల్‌కే ఎక్కువ చేటు.

మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు. 80 దాటని ఆయిల్‌లో తేమ, కలిసిన డీజిల్ ఆవిరై పోవు. వేడి ఎంత తగ్గితే అంత మేలు అనుకుని పెద్ద కూలర్లు బిగించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటి మెట్టు: నమ్మదగిన అంకెలు సంపాదించడం

డ్యాష్‌బోర్డు మీది కూలెంట్ ముల్లును నమ్మి నిర్ణయాలు తీసుకోకండి. చాలా బండ్లలో ఆ ముల్లు కొంత వేడి పరిధి అంతటా మధ్యలోనే నిలబడేలా అమర్చి ఉంటుంది. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్ సమాచారం అందే సాకెట్‌కు) తగిలించే రీడర్ గానీ చిన్న డిస్‌ప్లే గానీ కొనుక్కోండి. అందులో కూలెంట్ వేడి, ఇంజన్ ఆయిల్ వేడి రెండూ పక్కపక్కన కనిపించేలా పెట్టుకోండి. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) ఆయిల్ వేడి కూడా వస్తే ఇంకా మంచిది. టర్బోకు ముందు పొగ వేడి కొలిచే పైరోమీటర్ ఉంటే అన్నిటికన్నా ముందు కబురు అందించేది అదే. పొగ వేడి సెకన్లలో మారుతుంది. కూలెంట్ కాసేపటికి కదులుతుంది. ఆయిల్ అన్నిటికన్నా వెనక కదులుతుంది, దిగేటప్పుడు కూడా నిదానంగానే దిగుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. కొన్ని బండ్లలో ఆయిల్ వేడికి సెన్సరే ఉండదు. కంప్యూటర్ ఇంజన్ లోడును బట్టి ఊహించి అంకె చూపిస్తుంది. అలాంటి బండిలో కూలర్ పూడుకుపోయినా ఆ అంకె నిజం చెప్పదు. మీ బండిలో సెన్సర్ ఉందో లేదో సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. ఉంటే అది ఎక్కడుందో కూడా తెలుసుకోండి. కూలర్ దాటాక మెయిన్ గ్యాలరీలో (బేరింగులకు ఆయిల్ పంచే ప్రధాన దారిలో) ఉన్న సెన్సర్ కన్నా సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉన్న సెన్సర్ సహజంగానే ఎక్కువ చూపిస్తుంది. ఇద్దరు ట్రక్కు యజమానులు అంకెలు పోల్చుకుని ఒకరు కంగారుపడటం వెనక చాలాసార్లు ఈ తేడాయే ఉంటుంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో సరిచూడాలనుకుంటే సంప్ మీద గానీ ఫిల్టర్ దగ్గర గానీ మెరిసే లోహాన్ని నేరుగా కొలవకండి, తక్కువ చూపిస్తుంది. అక్కడ వేడికి ఓర్చే నలుపు పెయింట్ కొద్దిగా వేసి, దాని మీద కొలవండి.

రెండో మెట్టు: మీ బండి మామూలు లెక్క రాసి పెట్టుకోవడం

ఇది అందరూ వదిలేసే పని. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని కూడా ఇదే. బండి బాగున్నప్పుడే రాసుకోవాలి. ట్రెయిలర్ లేకుండా, సమతలం మీద, ఒకే వేగంతో కనీసం అరగంట నడిపాక కూలెంట్ ఎంత, ఆయిల్ ఎంత, బయటి గాలి ఎంత అన్నది ఒక పుస్తకంలో రాయండి. ట్రెయిలర్‌తో సమతలం మీద మళ్లీ రాయండి. మీరు తరచూ ఎక్కే ఎత్తు ఏదైనా ఉంటే దాని మీద అత్యధికంగా ఎంతకు పోయిందో, పైకి చేరాక ఎన్ని నిమిషాలకు మామూలుకు వచ్చిందో కూడా రాయండి.

ఆ చివరి సంగతి, అంటే తిరిగి దిగడానికి పట్టే సమయం, నాకు చాలా ఇష్టమైన కొలత. అత్యధిక అంకె బరువును బట్టి, ఎండను బట్టి, గాలిని బట్టి మారుతుంది. కానీ ఎత్తు అయిపోయి తేలిగ్గా నడుస్తున్నప్పుడు ఆయిల్ ఎంత త్వరగా దిగుతోందన్నది వేడి పోయే దారి ఎంత శుభ్రంగా ఉందో చెప్పేస్తుంది. పోయిన ఏడాది ఐదు నిమిషాల్లో దిగిన బండి ఈ ఏడాది పన్నెండు నిమిషాలు తీసుకుంటే, అంకె ఎర్ర గీతను తాకకపోయినా ఆ దారిలో ఎక్కడో అడ్డు పెరుగుతోందనే అనుకోవాలి.

మూడో మెట్టు: తేడా చదవడం

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, సమతలం మీద నిలకడగా నడుస్తున్నప్పుడు ఆయిల్ అంకెలోంచి కూలెంట్ అంకె తీసేయండి. ఈ తేడా అన్ని ఇంజన్లకూ ఒకలా ఉండదు. బాగా తెలిసిన ఉదాహరణ 2003 నుంచి 2007 దాకా ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో వచ్చిన 6.0 లీటర్ పవర్ స్ట్రోక్. దాని ఆయిల్ కూలర్ ఇంజన్ సిలిండర్ల రెండు వరసల మధ్య లోయలో, పైన ఇతర సామాను కింద దాక్కుని ఉంటుంది. కూలెంట్‌లో తిరిగే మడ్డి దాని సన్నని దారుల్లో పేరుకుంటుంది. సమతలం మీద తేడా 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 8 సెల్సియస్ డిగ్రీలు దాటితే కూలర్‌ను అనుమానించాలన్నది ఆ ఇంజన్ పని తెలిసినవాళ్లందరికీ కంఠస్థమైన లెక్క. ఆ ఇంజన్‌లో ఆయిల్ కూలర్ దాటిన కూలెంటే ఈజీఆర్ కూలర్‌కు (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే కూలర్‌కు) వెళ్తుంది. అందుకే ఒకటి పూడితే రెండోది కాలిపోతుంది. మీ ఇంజన్‌కు 8 వర్తించకపోవచ్చు. పద్ధతి మాత్రం వర్తిస్తుంది: మీ పుస్తకంలోని పాత తేడాతో ఇప్పటి తేడాను పోల్చండి.

ఎత్తు మీద ఈ తేడా సహజంగానే పెరుగుతుంది. 15, 20 డిగ్రీలు కనిపించినా అది పైకి చేరాక మళ్లీ తగ్గిపోతే దాని గురించి ఆలోచించక్కర్లేదు. అందుకే నిర్ణయానికి సమతలం మీది అంకెనే ఆధారం చేసుకోవాలి.

ఇక చదవడం తేలిక. ఆయిల్, కూలెంట్ రెండూ పెరిగి, తేడా మాత్రం ఎప్పటిలాగే ఉంటే లోపం కూలెంట్ నుంచి గాలికి వేడి పోయే చోట ఉంది, లేదా లోడు అతిగా ఉంది. నాలుగో మెట్టుకు వెళ్లండి. కూలెంట్ మామూలుగా ఉండి ఆయిల్ ఒక్కటే దూరం జరిగితే లోపం ఆయిల్ దగ్గరే. ఐదో మెట్టుకు వెళ్లండి. రెండూ మామూలుగానే ఉండి పెద్ద ఎత్తు మీద మాత్రమే కాసేపు పెరిగి త్వరగా దిగిపోతుంటే బండిలో లోపం లేదు. ఆరో మెట్టులో చెప్పినట్టు నడిపే తీరు మార్చుకుంటే చాలు.

నాలుగో మెట్టు: రెండూ కలిసి పెరుగుతుంటే

ముందు గాలి దారి చూడండి. బండి ముందు భాగంలో ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), ట్రాన్స్‌మిషన్ కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తాయి. మురికి ఉండేది వాటి మధ్య సందుల్లో. దుమ్ము, పురుగులు, గడ్డి గింజలు అక్కడ చేరి, ఇంజన్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి కంబళిలా పట్టేస్తాయి. రేడియేటర్ వెనక టార్చి పెట్టి ముందు నుంచి చూడండి. వెలుతురు రాని చోటికి గాలి కూడా రాదు. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి. అప్పుడు కడగకముందు కన్నా పరిస్థితి అధ్వాన్నమవుతుంది. ముందు భాగంలో మీరే బిగించిన వించ్, పెద్ద లైట్లు, నంబరు పలక గాలికి అడ్డంగా ఉన్నాయేమో కూడా చూడండి.

తర్వాత ఫ్యాన్ క్లచ్, అంటే అవసరమైనప్పుడు ఫ్యాన్‌ను ఇంజన్‌కు జతచేసే భాగం. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతుంటే ఒక దశలో ఫ్యాన్ హోరుమని గట్టిగా వినిపించాలి. ఎంత ఎత్తు ఎక్కినా ఆ హోరు రాకపోతే క్లచ్ పట్టడం లేదన్నమాట. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక ఫ్యాన్‌ను చేత్తో తిప్పి వదలండి. కాస్త బిగువుగా ఉండి ఆగిపోవాలి. గాలిపటపు చరఖాలా తిరుగుతూనే ఉంటే, లేదా క్లచ్ చుట్టూ జిడ్డు చారలు కనిపిస్తే అది పోయినట్టే. విద్యుత్తుతో పట్టే క్లచ్ అయితే స్కానర్‌తో ఆదేశమిచ్చి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్ దగ్గర చేయి పెట్టకండి.

కూలెంట్ సంగతికి వస్తే, ఎథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం ఉండాలి. ఎక్కువ గ్లైకాల్ పోస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. గ్లైకాల్ నీటిలా వేడిని మోయలేదు. రేడియేటర్ మూతను కూడా చిన్నచూపు చూడొద్దు. సగం సగం మిశ్రమం మామూలు గాలి ఒత్తిడిలో 107 దగ్గరే మరుగుతుంది. 15 పీఎస్‌ఐ ఒత్తిడి పట్టే మూత ఉంటే సుమారు 129 దాకా మరగదు. మూత రబ్బరు పాడైతే ఆ 22 డిగ్రీల రక్షణ పోయినట్టే, పైగా బయటికి ఏ సూచనా కనిపించదు. చవకైన భాగమే, అనుమానముంటే మార్చేయండి.

థర్మోస్టాట్‌ను బయటికి తీసి, వేడి నీటి గిన్నెలో థర్మామీటరుతో పాటు వేలాడదీసి పరీక్షించవచ్చు. దాని మీద ముద్రించిన వేడి దగ్గర తెరుచుకోవడం మొదలై, మరో 10, 12 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. థర్మోస్టాట్ తీసేసి నడిపితే చల్లగా ఉంటుందని కొందరు చెబుతారు. ఆ మాట వినకండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన ఇంజన్‌లోకే తిరిగొస్తుంది.

ఇవన్నీ బాగున్నాక రేడియేటర్ లోపలి పూడిక, వాటర్ పంపు రెక్కలు, బెల్టు జారడం చూడాలి. వేడి మీదున్న రేడియేటర్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తిప్పితే పూడిన గొట్టాల దగ్గర చల్లని పట్టీలు దొరుకుతాయి. గాలి బుడగలు ఎక్స్‌పాన్షన్ ట్యాంకులోకి ఎడతెగకుండా వస్తుంటే, ముఖ్యంగా లోడు మీద వస్తుంటే, హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకు, దాని పై మూతకు మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించండి.

లోడు వైపు కూడా ఒక చూపు చూడాలి. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ పైపు దగ్గర గాలి కారడం వల్ల డీజిల్‌కు తగినంత గాలి అందదు, పొగ వేడి పెరుగుతుంది, పిస్టన్లు కాగుతాయి. ట్రెయిలర్ బ్రేకు పట్టేసి ఉంటే ఇంజన్ దానితో కూడా పోరాడాలి. ఆగినప్పుడు ట్రెయిలర్ చక్రాల హబ్బులన్నీ గన్‌తో చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. శక్తి పెంచే ట్యూనింగ్ చేయించిన బండి అయితే బరువు లాగేటప్పుడు దాన్ని కంపెనీ అమరికకు మార్చుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అదనపు శక్తి అంటే అదనపు డీజిల్, అదనపు వేడి. రేడియేటర్ మాత్రం పాతదే.

ఐదో మెట్టు: ఆయిల్ ఒక్కటే దూరం జరుగుతుంటే

మొదట డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ తక్కువైతే ఉన్న కాస్తా విశ్రాంతి లేకుండా తిరిగి త్వరగా వేడెక్కుతుంది. ఎక్కువైనా చేటే. క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ వేడిని సరిగ్గా మోయలేదు. మీరు పోయకుండానే మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే అది ఇంకో కథ. కొన్ని ఇంజన్లు డీపీఎఫ్‌ను (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను) శుభ్రపరచడానికి సిలిండర్‌లోనే ఆలస్యంగా డీజిల్ చల్లుతాయి. అందులో కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. అలా పల్చబడిన ఆయిల్‌ను వెంటనే మార్చాలి, ఇంజెక్టర్లు కూడా పరీక్షించాలి.

మట్టం సరిగ్గా ఉండి, సెన్సర్ నిజమే చెబుతోందని తేలితే మిగిలేది ఆయిల్ కూలర్. పూడిక సాధారణంగా కూలెంట్ వైపునే ఉంటుంది: తుప్పు, పోతపోసినప్పటి ఇసుక, రెండు రకాల కూలెంట్లు కలిసి ఏర్పడిన జిగురు. కూలర్‌ను బండిలోనే ఉంచి ఫ్లష్ చేస్తే కొన్నాళ్లు మెరుగుపడవచ్చు గానీ బాగా పూడినదాన్ని మార్చడమే నయం. మార్చేముందు కూలెంట్ వ్యవస్థ మొత్తం కడగడం తప్పనిసరి. లేకపోతే ఆ మడ్డే వచ్చి కొత్త కూలర్‌లో చేరుతుంది. కూలెంట్ ఫిల్టర్ అమర్చే వీలుంటే అమర్చండి. కూలర్ లోపల పగిలితే గుర్తు వేరేగా ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడే ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది, ట్యాంకులో గోధుమరంగు మీగడ తేలుతుంది. అది కనిపిస్తే బండి కదపకండి.

నా బండి విషయంలో కూలర్ మార్చాక సమతలం మీద తేడా 22 నుంచి 9కి వచ్చింది. అదే ఎత్తు, దాదాపు అదే బరువు మీద 124 కాస్తా 111 అయింది.

ఆరో మెట్టు: నడిపే తీరు

ఎత్తు మొదలవ్వకముందే టో/హాల్ మోడ్ (బరువు లాగడానికి తగినట్టు గేర్ల మార్పును సర్దే అమరిక) వేయండి. ఆయిల్ 100 దగ్గర ఉండగా ఎత్తు మొదలుపెట్టడం వేరు, 112 దగ్గర మొదలుపెట్టడం వేరు. అందుకే ఎత్తుకు ముందు రెండు మూడు కిలోమీటర్లు తేలిగ్గా నడపడం లాభమే.

ఎక్కేటప్పుడు పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో, ఆక్సిలరేటర్ అదిమిపట్టి ఇంజన్‌ను మూలిగించడం చాలామంది చేసే పొరపాటు. డీజిల్‌కు కింది ఆర్‌పీఎంలో టార్క్ ఉంది కదా అని చేస్తారు. కానీ ఆ స్థితిలో వాటర్ పంపు, ఫ్యాన్, ఆయిల్ పంపు అన్నీ నిదానంగా తిరుగుతుంటాయి, సిలిండర్‌లో మంట మాత్రం అత్యధికంగా ఉంటుంది. ఒక గేరు దించండి. పికప్ స్థాయి డీజిల్ ఇంజన్ అయితే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, కాలు కాస్త తేలిక చేయండి. చప్పుడు పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. ఆటోమేటిక్ బండిలో ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలిపే టార్క్ కన్వర్టర్ లాక్ అయి ఉండటం కూడా ఈ గేరులోనే సులువు. లాక్ కాకపోతే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కాగుతుంది. చాలా బండ్లలో ఆ వేడి కూడా వచ్చేది ఇదే రేడియేటర్‌కు, లేదా దాని ముందున్న గాలికి.

తర్వాత వేగం. ఎత్తు లెక్క ముందే చెప్పాను. సమతలం మీద కూడా వేగం గంటకు 100 కిలోమీటర్ల నుంచి 90కి దిగితే ఎదురుగాలి బలం 19 శాతం, దాన్ని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి 27 శాతం తగ్గుతాయి. ఎత్తైన పెట్టెలాంటి ట్రెయిలర్ లాగేవాళ్లకు ఇది పెద్ద ఊరట. కొండల మీద ఇంకో చిక్కు ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది కాబట్టి రేడియేటర్ గుండా పోయే గాలి కూడా పల్చనే.

ఏడో మెట్టు: ఆయిల్ ఎంపిక

మాన్యువల్‌లో రాసిన గ్రేడ్, ప్రమాణం పాటించండి. బరువు లాగేవాళ్లకు వేర్వేరు గ్రేడ్‌లు అనుమతిస్తే వాటిలో చిక్కనిది తీసుకోండి. ఎస్‌ఏఈ లెక్క ప్రకారం 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు, 40 గ్రేడ్ అంటే 12.5 నుంచి 16.3 లోపు. ఏపీఐ సీకే-4, ఎఫ్ఏ-4 అనే డీజిల్ ఇంజన్ ఆయిల్ ప్రమాణాలు 2016 చివర్లో కలిసే వచ్చినా ఒకటి కాదు. ఎఫ్ఏ-4 పల్చని రకం. మీ ఇంజన్ తయారీదారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప దాన్ని పోయకండి. సింథటిక్ ఆయిల్ పోస్తే అంకె చెప్పుకోదగ్గంత తగ్గదు. అదే వేడిని ఎక్కువ కాలం తట్టుకుంటుంది, ఆ మాటకొస్తే అదే దాని విలువ. మాన్యువల్‌లో కఠిన వాడకం అని రాసిన మార్పిడి గడువు మీకోసమే రాశారు. ఏడాదికోసారి ఆయిల్ నమూనా ల్యాబ్‌కు పంపితే చిక్కదనం, ఆక్సీకరణ, డీజిల్ కలగలుపు, బేరింగుల నుంచి వచ్చే సీసం, రాగి అన్నీ తెలుస్తాయి.

ఎనిమిదో మెట్టు: అదనపు కూలర్ కావాలా

పై మెట్లన్నీ పూర్తయ్యాకే దీని గురించి ఆలోచించండి. లోపమున్న బండికి కూలర్ తగిలిస్తే లోపం దాగుతుంది, పోదు. అన్నీ బాగుండి, మాన్యువల్ అనుమతించిన బరువే లాగుతూ, వేడి ప్రదేశాల్లో పొడవాటి ఎత్తులు రోజూ ఎక్కేవాళ్లకు గాలితో చల్లబడే ఆయిల్ కూలర్ ఉపయోగమే. థర్మోస్టాట్ ఉన్న అడాప్టరే తీసుకోండి, లేకపోతే చలికాలంలో ఆయిల్ వేడెక్కదు. దాన్ని రేడియేటర్ ముందు పెడితే రేడియేటర్‌కు వేడిగాలి తగులుతుంది. పక్కన గాలి తగిలే చోటు వెతకండి. గొట్టాల విషయంలో పిసినారితనం వద్దు. ఒక గొట్టం ఊడితే కొద్ది క్షణాల్లో ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది, దానితో ఇంజన్ కూడా.

ఎత్తు మధ్యలో అంకె హద్దు దాటితే

ఏసీ ఆపండి. హీటర్ పూర్తి వేడికి, బ్లోయర్ పూర్తి వేగానికి పెట్టండి. హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే. గేరు దించి, వేగం తగ్గించండి. ఒకటి రెండు నిమిషాల్లో పెరుగుదల ఆగకపోతే భద్రమైన చోటు చూసి ఆపండి. ఇంజన్ ఆపకండి. న్యూట్రల్‌లో 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర నడవనివ్వండి. లోడు పోయింది, పంపు, ఫ్యాన్ మాత్రం తిరుగుతున్నాయి కాబట్టి చాలాసార్లు కొద్ది నిమిషాల్లో అంకె దిగడం కనిపిస్తుంది. కాగిపోయిన ఇంజన్‌ను వెంటనే ఆపితే టర్బో బేరింగులో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

దీనికి మినహాయింపులున్నాయి. ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వెలిగినా, కూలెంట్ బయటికి కారిపోతున్నా, కింద ఆయిల్ కారుతున్నా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇంజన్ ఆపేయండి. అప్పుడు టర్బో గురించి చూసుకోవద్దు. రేడియేటర్ మూత మాత్రం పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకండి. లోపల ఒత్తిడితో ఉన్న ద్రవం మూత తెరిచిన క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

చల్లబడ్డాక కూలెంట్, ఆయిల్ మట్టాలు చూసి, మిగతా ఎత్తు తక్కువ వేగంతో ఎక్కండి. ఆ రోజు అంకెలు పుస్తకంలో రాయండి: బరువు, బయటి వేడి, ఆయిల్ అత్యధికంగా ఎంత, అప్పుడు కూలెంట్ ఎంత. ఆయిల్ 130 దాటి కాసేపు అక్కడే ఉంటే గడువు కోసం చూడకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. పాత ఫిల్టర్‌ను పారేసేముందు కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. మెరిసే రేణువులు కనిపిస్తే తర్వాతి ట్రిప్పుకు ముందు బేరింగులు పరీక్ష చేయించాలి.